1.6 లక్షల కిలోమీటర్ల ఇంజన్‌కి ఏ కామ్?

తమ్ముడూ, కామ్ (వాల్వులను తెరిచి మూసే గుబ్బల షాఫ్టు) మార్చాలని అడిగావు; సింగిల్ కామ్ బీఎస్-4 పెట్రోలు కారు, 1.6 లక్షలు తిరిగింది, రోజూ గుంటూరు నుంచి బెజవాడ, పొల్యూషన్ టెస్టూ పాసవ్వాలి అన్నావు. అయితే 280 డిగ్రీల డ్యూరేషన్ (వాల్వు తెరిచి ఉన్నంతసేపు క్రాంకు తిరిగే కోణం) ఉన్న కామ్ జోలికి పోకు. డ్యూరేషన్ పెరిగేకొద్దీ ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరుచుకుని ఉండే సమయం పెరుగుతుంది, ఐడిల్‌లో కాలని పెట్రోలు నేరుగా సైలెన్సర్‌లోకి పోతుంది. టెస్టులో హైడ్రోకార్బన్ (కాలని పెట్రోలు) 200 పీపీఎం దాటకూడదు కదా, ముందు ఫెయిలయ్యేది అక్కడే. మే నెలలో ఏసీ వేసుకుని బెంజ్ సర్కిల్ దగ్గర ఆగావంటే ఇంజన్ వణికి ఆగిపోయినా ఆశ్చర్యం లేదు.

కంపెనీ కామ్ కంటే డ్యూరేషన్ 8–10 డిగ్రీలే ఎక్కువ, లోబ్ సెపరేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ గుబ్బల శిఖరాల మధ్య కోణం) 112 డిగ్రీల పైన ఉన్నది చూడు.

కామ్ కొనేముందే కంప్రెషన్ (సిలిండర్‌లో వచ్చే ఒత్తిడి) చెక్ చేయించు. సిలిండర్ల మధ్య తేడా 15 శాతం దాటితే ఆ డబ్బు రింగులకీ వాల్వులకీ పెట్టు, కామ్ సంగతి తర్వాత. ఆటోనగర్‌లో ఎవరైనా పాత వాల్వు స్ప్రింగుల మీదే బిగిస్తామంటే ఒప్పుకోకు: అలసిన స్ప్రింగు హై ఆర్‌పీఎంలో వాల్వును సమయానికి మూయలేదు, వాల్వు పిస్టన్‌కి కొట్టుకోవచ్చు. స్ప్రింగులు మార్చడానికి హెడ్ విప్పినప్పుడే పిస్టన్ మీద మెత్తటి బంకమన్ను ముద్ద పెట్టి, హెడ్ బిగించి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్లీ విప్పి మన్ను నొక్కుకుపోయిన చోట మందం కొలవమను. ఇన్‌టేక్ వైపు కనీసం 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు రెండున్నర ఉండాలి.