మిగిలిన పిండాలను పరిశోధనకు ఇవ్వవచ్చా?
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: మాకు ఐవీఎఫ్ ద్వారా కవలలు పుట్టారు. ఇంకా మూడు పిండాలు ఆసుపత్రిలో శీతలీకరించి ఉన్నాయి. మాకు ఇక పిల్లలు వద్దు. వాటిని నశించనివ్వమంటారా, మూలకణాల పరిశోధనకు ఇస్తారా అని ఆసుపత్రివారు సమ్మతి పత్రం పంపారు. నేను కాథలిక్కు కుటుంబంలో పుట్టాను, మావారిది హిందూ కుటుంబం. పరిశోధనకు ఇవ్వడమంటే ప్రాణం తీయడమేనని మా అమ్మ అంటోంది. ఎలాగూ పోయేవే కదా, నలుగురికి పనికిరానీ అని మావారు అంటున్నారు. ఏది ధర్మం?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు పరిశోధనలో ఏం జరుగుతుందో తెలియాలి. ఫలదీకరణ జరిగిన అయిదారు రోజులకు పిండం కంటికి సరిగా ఆనని చిన్న కణాల ముద్దగా ఉంటుంది. అందులోపలి కణాలకు శరీరంలోని ఏ కణంగానైనా మారగల శక్తి ఉంటుంది; వాటినే పిండ మూలకణాలంటారు. 1998లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ థామ్సన్ బృందం ఆ కణాలను వేరుచేసి ప్రయోగశాలలో పెంచగలిగింది. అయితే వాటిని బయటకు తీసినప్పుడు పిండం మిగలదు. వివాదమంతా అక్కడే ఉంది.

మీ అమ్మగారిది కేవలం ఆమె సొంత అభిప్రాయం కాదు, కాథలిక్ సంఘపు బోధ. ఫలదీకరణ క్షణం నుంచే పిండాన్ని వ్యక్తిగా గౌరవించాలని వాటికన్ 1987లో ప్రకటించింది, 2008లో మరింత వివరంగా చెప్పింది. కానీ ఆ బోధను పూర్తిగా తీసుకుంటే అభ్యంతరం ఈ సమ్మతి పత్రంతో మొదలుకాదు. పిండాన్ని శరీరం వెలుపల సృష్టించడాన్నే 1987 నాటి పత్రం అంగీకరించలేదు. మిమ్మల్ని నొప్పించడానికి ఈ మాట అనడం లేదు. తప్పంతా చివరి సంతకంలోనే ఉన్నట్లు మీరు బాధపడుతున్నారేమోనని చెబుతున్నాను. శీతలీకరించి వదిలేసిన వేలాది పిండాల విషయంలో నిజమైన పరిష్కారమంటూ లేదని 2008 నాటి పత్రమే ఒప్పుకుంది. వాటిని పరిశోధనకు వాడటాన్ని మాత్రం నిరాకరించింది. ప్రొటెస్టెంటు సంఘాలలో ఒకే మాట లేదు. అమెరికాలో సదరన్ బాప్టిస్టులు ఈ పరిశోధనను వ్యతిరేకించగా, యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ సమర్థించింది.

యూదుల ధర్మశాస్త్రంలో మొదటి నలభై రోజుల పిండాన్ని నీటితో సమానంగా చెప్పిన మాట ఉంది. పైగా గర్భంలో లేని పిండానికి గర్భస్థ పిండమంత స్థాయి లేదని చాలామంది రబ్బీలు (యూదు మతగురువులు) భావిస్తారు. రోగికి ప్రాణం పోయగల పనిని వాళ్లు బాధ్యతగా చూస్తారు కనుక ఇజ్రాయెల్‌లో ఈ పరిశోధనకు మతం పెద్ద అడ్డంకి కాలేదు. ఇస్లాంలో 120 రోజులకు ఆత్మ ప్రవేశిస్తుందని ఎక్కువమంది పండితులు, నలభై రోజులకేనని కొందరు అంటారు. ఇరాన్‌లో మతాధినేత ఖమేనీ ఆమోదంతోనే రోయాన్ సంస్థ ఈ పరిశోధన చేపట్టింది.

ఇక మీవారి వైపు చూస్తే, హిందూ గ్రంథాలలో ఒకే తీర్పు దొరకదు. శుక్రశోణితాలతో జీవుడు కూడినప్పుడే గర్భమవుతుందని చరకసంహిత చెబుతుంది. ఏడవ నెలలో జీవునితో కూడుతుందని గర్భోపనిషత్తు చెబుతుంది. మొదటిదాన్ని పట్టుకుంటే కాథలిక్ వాదానికి దగ్గరవుతాం, రెండవదాన్ని పట్టుకుంటే ఇస్లామిక వాదాన్ని కూడా దాటిపోతాం. లోకహితం కోసం ఎముకలిచ్చిన దధీచిని ఇలాంటి చర్చల్లో తరచుగా ఉదాహరిస్తారు. ఆ ఉదాహరణ ఇక్కడ పూర్తిగా పొసగదు. దధీచి తన శరీరాన్ని తానే ఇష్టపడి ఇచ్చాడు. పిండం ఒప్పుకోనూలేదు, కాదననూలేదు; దానికి ఆ శక్తి లేదు. దాని తరఫున మీరిద్దరే నిర్ణయించాలి.

‘ఎలాగూ పోయేవే’ అన్న వాదానికి బలం లేకపోలేదు. అవి పరిశోధన కోసం పుట్టించిన పిండాలు కావు, మీ ముందు మిగిలినవి ఆ రెండు దారులే. అయినా పోనివ్వడమూ వాడుకోవడమూ ఒకటేనని మీ అమ్మగారి మతం ఒప్పుకోదు. మరణానికి చేరువైన మనిషి అవయవాలను కూడా సమ్మతి లేకుండా తీసుకోం కనుక ఆ తేడాను కొట్టిపారేయడానికి నాకూ మనసొప్పదు. ఇన్ని మతాల మధ్య బ్రిటన్ ఒక హద్దు గీసుకుంది. 1984లో అక్కడి ప్రభుత్వం నియమించిన వార్నాక్ సంఘం పిండంపై పరిశోధన పద్నాలుగు రోజులు దాటరాదని సూచించింది, 1990లో అది చట్టమైంది. ఆ గడువు నాటికి పిండంలో వెన్ను ఏర్పడబోయే చోట ఒక గీత కనిపిస్తుంది. అక్కడితో అది కవలలుగా విడిపోయే అవకాశం కూడా ముగుస్తుంది. మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలలోనూ ఇదే హద్దు ఉంది. ఆత్మ ఎప్పుడు వస్తుందో ఇది చెప్పదు; భిన్న విశ్వాసాలవారు కలిసి బతకడానికి కుదుర్చుకున్న ఒప్పందం ఇది.

మన 2021 నాటి సహాయక పునరుత్పత్తి చట్టం ప్రకారం పిండాలను పదేళ్లకు మించి నిల్వ ఉంచకూడదు. ఆ తరువాత వాటిని నశించనివ్వాలి, లేదా దంపతుల సమ్మతితో నమోదైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి. పిండాలను అమ్మడం నేరం, పరిశోధన పేరిట వాటిని విదేశాలకు పంపడం నిషిద్ధం. మీలో ఒకరికి మనస్కరించనప్పుడు పరిశోధన అన్న గడిలో గుర్తు పెట్టవద్దని నా సలహా. మీ పిండాలకు పదేళ్లు నిండకపోతే తొందరపడవలసిన పనీ లేదు. ఇవ్వాలనే అనుకుంటే ఏ సంస్థకు, ఏ పనికి వెళతాయో రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: కౌరవులు నూరుగురూ మూలకణాలతోనే పుట్టారని ఒక పెద్దాయన సభలో చెప్పారు. మన పురాణాల్లోనే ఉన్న శాస్త్రానికి మతం అడ్డు చెప్పదు కదా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి కూడా ఇదే మాట అన్నారు, శాస్త్రవేత్తలు గట్టిగా ఖండించారు. గాంధారి ప్రసవించిన మాంసపు ముద్దను వ్యాసుడు నేతికుండలలో ఉంచిన కథలో అద్భుతమైన ఊహ ఉంది; ప్రయోగ పద్ధతి లేదు. ఒకవేళ ఉన్నా, జరిగిన పని అంతమాత్రాన ధర్మం కాదు. మహాభారతంలో జరిగినవన్నీ మనం చేయదగినవే అని వ్యాసుడు కూడా అనడు.

ప్రశ్న: మా మామగారికి పార్కిన్సన్స్ వ్యాధి. సొంత కొవ్వు నుంచి తీసిన మూలకణాలు ఎక్కిస్తే నయమవుతుందని ఒక క్లినిక్కువారు లక్షలు అడుగుతున్నారు. మతపరంగా దోషమా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: సొంత శరీరం నుంచి తీసిన కణాలకు ఏ పెద్ద మతమూ అభ్యంతరం చెప్పదు, వాటికన్ కూడా ఇలాంటి పరిశోధనను ప్రోత్సహిస్తుంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో రసాయనాలు పడి దెబ్బతిన్న కంటికి, బాగున్న రెండో కంటి అంచు నుంచి తీసిన చిన్న ముక్కతో మూలకణ చికిత్స చేస్తున్నారు. ఏళ్ల తరబడి ఫలితాలను పరిశీలించి, ప్రచురించిన పద్ధతి అది. జపాన్‌కు చెందిన షిన్యా యమనాకా 2006లో ఎలుక చర్మకణాలనూ, మరుసటి ఏడాది మనిషి కణాలనూ పిండ మూలకణాల వంటివిగా మార్చి, 2012లో నోబెల్ అందుకున్న తరువాత పిండం అవసరం కూడా చాలావరకు తగ్గింది.

మీ విషయంలో దోషం మతానిది కాదు, వ్యాపారానిది. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఎముక మజ్జ మార్పిడి వంటి రక్త సంబంధ చికిత్సలు తప్ప మిగిలిన మూలకణ వైద్యమంతా పరిశోధన దశలోనిదే, దాన్ని అనుమతి పొందిన ప్రయోగంగానే చేయాలి. అలాంటి ప్రయోగానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో తమ ప్రయోగం నమోదైన సంఖ్యను చూపమని ఆ క్లినిక్కువారిని అడగండి. అది చూపేదాకా ఒక్క రూపాయి కూడా కట్టకండి.