కోనసీమ చెమటకి వెనుక అద్దం ఉన్న వాచీ తట్టుకుంటుందా?

ఖరీదైన వాచీకి లోపలి యంత్రం కనిపించేలా వెనుక అద్దం ఉంటే మన అమలాపురం ఉక్కపోతకి తేమ దిగుతుందేమోనని మీ అనుమానం. అద్దం వల్ల దిగదండి. తేమని ఆపేది మూత అంచున ఉండే రబ్బరు రింగు. అది ఎండిపోతే ఉక్కు మూత ఉన్నా లాభం లేదు. సర్వీసుకిచ్చిన ప్రతిసారీ రింగు మార్పించండి, చెమట పట్టే చోట ఇది మరీ ముఖ్యం.

ఆ అద్దం ఎక్కువగా సఫైర్, అంటే కృత్రిమంగా చేసిన నీలమణి. గట్టిదనం చెప్పే మోస్ కొలతలో అది 9, వజ్రం 10. గీతలు తేలిగ్గా పడవు గానీ గట్టి దెబ్బకి పగలొచ్చు.

ఒమేగా కంపెనీ మూన్‌వాచ్ మోడల్ అద్దం మూత, లోహపు మూత రెండు రకాల్లోనూ ఉంది. దాదాపు అన్నిటికీ లోహపు మూతే వేసే రోలెక్స్ కూడా 2023లో తెచ్చిన 1908 మోడల్‌కి అద్దం పెట్టింది.

లోపలి యంత్రం చేత్తో నగిషీ చేసినదైతే నేను అద్దమే తీసుకోమంటాను. వాచీ నడకని సమంగా ఉంచే బాలెన్స్ చక్రం గుండెలా కొట్టుకోవడం ఎంత చూసినా తనివి తీరదు. మామూలు యంత్రమైతే లోహమే నయం, వెనుక పేరు చెక్కించుకోవచ్చు.