హాస్టలా, అద్దె గదా? మిగులు బాత్రూమ్ దగ్గర ఉంది

ప్రశ్న: నేను నరసన్నపేట దగ్గర హైస్కూల్లో స్కూల్ అసిస్టెంటుని. ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉంది. మా అమ్మాయికి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. సెప్టెంబరులో చేరాలి. ఏడాది కోర్సు. బ్యాంకు 10.5 శాతం వడ్డీకి 25 లక్షల ఎడ్యుకేషన్ లోను మంజూరు చేసింది. యూనివర్సిటీ హాస్టల్లో అటాచ్డ్ బాత్రూమ్ ఉన్న గది వారానికి 165 పౌండ్లు, కామన్ బాత్రూమ్ గది 140 పౌండ్లు. రెండూ 51 వారాల ఒప్పందాలే. పలాసకు చెందిన తెలిసిన కుర్రాడొకడు అక్కడే చదువు ముగించి ఉద్యోగం చేస్తున్నాడు. అద్దె ఇల్లు అతని పేరునే ఉంది. నలుగురూ మనవాళ్లే. ఒక గది ఖాళీగా ఉందని, నెలకు 430 పౌండ్లు, బిల్లులు వేరేనని, 600 పౌండ్లు అడ్వాన్సు ఇప్పుడే పంపమని అంటున్నాడు. నాకు ఆ గదే నయమనిపిస్తోంది. మా ఆవిడ మాత్రం హాస్టలే అంటోంది. హాస్టలైతే జీపీఎఫ్ (ప్రభుత్వోద్యోగి భవిష్యనిధి) నుంచి 3 లక్షలు పార్ట్ ఫైనల్‌గా, అంటే తిరిగి కట్టనక్కర్లేకుండా, తీయాలనుకుంటున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, ముందుగా అమ్మాయికి అభినందనలు. మీ ఇంట్లో జరుగుతున్న చర్చ ఈ మూడు నాలుగు నెలల్లో మన జిల్లాలో చాలా ఇళ్లలో జరిగేదే. నా సలహా సూటిగా చెబుతాను: హాస్టలే తీసుకోండి, అయితే కామన్ బాత్రూమ్ గది తీసుకోండి. జీపీఎఫ్ ముట్టుకోకండి. ఎందుకో లెక్కతో సహా చెబుతాను.

పౌండు 120 రూపాయలు అనుకుందాం. మీరు పోల్చి చూసింది అటాచ్డ్ గదిని, పలాస కుర్రాడి గదిని. వారానికి 165 చొప్పున 51 వారాలకు 8,415 పౌండ్లు. నెలకు 430 చొప్పున ఏడాదికి 5,160. తేడా 3,255 పౌండ్లు, అంటే 3 లక్షల 90 వేల రూపాయలు. అంత తేడా కనిపిస్తే ఏ తండ్రి మనసైనా గది వైపే లాగుతుంది.

కానీ హాస్టల్ అద్దెలో కరెంటు, గ్యాసు, నీళ్లు, ఇంటర్నెట్ అన్నీ కలిసే ఉంటాయి. బయటి ఇంట్లో అవన్నీ విడిగా కట్టాలి. అక్కడ చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికే గ్యాసు బాగా ఖర్చవుతుంది. మనిషికి నెలకు 60 పౌండ్లు వేసుకున్నా ఏడాదికి 720. ఆ ఇల్లు క్యాంపస్‌కు నడిచి వెళ్లే దూరంలో ఉందని మీరు రాయలేదు. లేకపోతే బస్సుకు ఏడాదికి 550 పౌండ్ల దాకా పెట్టుకోవాలి. మొత్తం 6,430. కామన్ బాత్రూమ్ హాస్టల్ గది 7,140. అసలు తేడా 710 పౌండ్లు, మన డబ్బుల్లో 85,200 రూపాయలు. అటాచ్డ్ బాత్రూమ్ ఒక్కదానికే మీరు అదనంగా పెట్టబోయేది 1,275 పౌండ్లు, అంటే 1,53,000 రూపాయలు. హాస్టల్ కంటే ఆ బాత్రూమే మీకు ఎక్కువ భారం. అమ్మాయితో కూర్చుని మాట్లాడండి. ఏడాదిపాటు ఇంకొందరితో బాత్రూమ్ పంచుకోవడం ఆమెకు ఇబ్బంది కాకపోతే లక్షన్నర అక్కడే మిగిలిపోతుంది.

కలిసి వండుకుంటే తిండి ఖర్చు నెలకు ఇరవై ముప్పై పౌండ్లు తగ్గుతుంది. ఆ మాట నిజమే, కాదనను. మనవాళ్ల తోడు కూడా చిన్న విషయం కాదు. మొదటిసారి ఇల్లు విడిచి అంత దూరం వెళ్లే పిల్లకు తెలుగు మాట వినపడటమే ధైర్యం. అందుకే ఆ పరిచయాన్ని వదులుకోవద్దు. శనాదివారాలు అక్కడికి వెళ్లి రావచ్చు. పడుకునే చోటు మాత్రం వేరేగా ఉండనివ్వండి.

ఇక ఆ గది సంగతి. ఆ కుర్రాడిది మంచి మనసే అయ్యుండవచ్చు. నేను అతన్ని తప్పుపట్టడం లేదు. కానీ ఇల్లు అతని పేరున ఉంది, మీ అమ్మాయి అద్దె కట్టేది అతనికి. అంటే అసలు ఓనరుకు, మీ అమ్మాయికి మధ్య కాగితమేదీ లేదు. మన శ్రీకాకుళంలో రెండు నెలల అడ్వాన్సు ఇచ్చి మాట మీద ఇంట్లో దిగిపోతాం. తేడా వస్తే పెద్దమనిషి ఎవరో ఒకరు కూర్చోబెట్టి సర్దుతారు. అక్కడ సర్దేది కాగితమే. ఇంగ్లండ్‌లో విద్యార్థి నేరుగా ఓనరుతో ఒప్పందం రాసుకుంటే, తీసుకున్న డిపాజిట్‌ను ఓనరు 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన డిపాజిట్ స్కీములో ఉంచి, ఆ వివరాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. అదే ఇంట్లో ఉంటున్న ఇంకో అద్దెదారుడి కింద గది తీసుకుంటే ఈ రక్షణ వర్తించదు. పైగా ఏడాది అద్దె 50 వేల పౌండ్ల లోపుంటే డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించకూడదని అక్కడ 2019 నుంచి చట్టం ఉంది. నెలకు 430 అంటే ఐదు వారాలకు సుమారు 496 పౌండ్లు. ఆయన అడుగుతున్నది 600.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఇప్పటికే నలుగురున్న ఇంట్లో మీ అమ్మాయి ఐదో మనిషి అవుతుంది. ఒకే కుటుంబానికి చెందని ఐదుగురు, అంతకు మించి కలిసి ఉండే ఇంటికి అక్కడి కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) నుంచి లైసెన్సు ఉండాలి. అది లేని ఇంట్లో ఓనరుకు తెలియకుండా దిగితే, రేపు ఎవరైనా అడిగినప్పుడు ముందు బయటకు నడవాల్సింది కాగితం లేని మనిషే. పరీక్షల మధ్యలో ఇల్లు వెతుక్కునే టెన్షన్ ఆ పిల్లకు మనం ఇవ్వకూడదు.

కౌన్సిల్ ట్యాక్స్ కూడా ఉంది. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే ఇంటికి ఈ పన్ను పూర్తిగా మినహాయింపు. ఒక్కరు ఉద్యోగంలో ఉన్నా మినహాయింపు పోతుంది. నాలుగో వంతు మాత్రమే తగ్గించి మిగతాది కట్టించుకుంటారు. ఉద్యోగస్తులు ఇద్దరుంటే ఆ తగ్గింపు కూడా ఉండదు. చట్టప్రకారం ఆ బిల్లు ఉద్యోగం చేసేవారిదే, విద్యార్థిది కాదు. కానీ ఇలాంటి ఇళ్లలో అన్నీ కలిపి తలా ఇంత అని పంచుతారు. ఏడాది బిల్లు వెయ్యి పౌండ్లు పైమాటే కాబట్టి మీ అమ్మాయి వాటా 200 అనుకోండి. ఇల్లు కళ్లతో చూడకుండా డబ్బు పంపకూడదనుకుని మొదటి రెండు మూడు వారాలు ఎక్కడో తాత్కాలికంగా ఉంటే ఇంకో 300. ఈ రెండూ కలిపితే గది లెక్క 6,930కి చేరుతుంది. హాస్టల్‌తో తేడా 210 పౌండ్లు, పాతికవేల రూపాయలు. ఆ పాతికవేలకు మీకు దొరికేది సొంత పేరున ఒప్పందం, బ్యాంకు ఖాతా తెరవడానికి అడ్రస్ ప్రూఫ్, రాత్రి లైబ్రరీ నుంచి నడిచి వచ్చే దూరం. మీ ఆవిడ చెప్పింది భయంతో చెప్పిన మాట కాదు, లెక్క కూడా ఆవిడ పక్షానే ఉంది.

హాస్టల్‌కు ఒక లోపం ఉంది, దాచను. 51 వారాలకు సంతకం పెడితే మధ్యలో వెళ్లిపోయినా అద్దె కట్టాల్సిందే, ఆ గదికి ఇంకో విద్యార్థి దొరికితే తప్ప. ప్రైవేటు ఇళ్ల విషయంలో 2026 మే 1 నుంచి అక్కడ కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. అద్దెదారు రెండు నెలల నోటీసు ఇచ్చి ఎప్పుడైనా ఖాళీ చేయవచ్చు. ఒక నెలకు మించి ముందస్తు అద్దె అడగకూడదు. యూనివర్సిటీ హాస్టళ్లకు ఇది వర్తించదు. రెండేళ్ల కోర్సయితే ఈ తేడాకు నేను చాలా విలువ ఇచ్చేవాణ్ణి. మీ అమ్మాయిది ఏడాది కోర్సు, డిసర్టేషన్ (చివర్లో రాసే పరిశోధన వ్యాసం) సెప్టెంబరు దాకా నడుస్తుంది. ఎలాగూ ఆ 51 వారాలూ అక్కడే ఉండాలి కాబట్టి ఈ లోపం ఆమెకు పెద్దగా తగలదు. ఉద్యోగం ఏ ఊళ్లో వస్తే ఆ ఊళ్లో, అప్పుడు తన పేరున తానే ఇల్లు చూసుకుంటుంది. ఆ సమయానికి జీతం స్లిప్పు ఉంటుంది. ఇప్పుడైతే ఓనర్లు అక్కడే నివసించే హామీదారుని అడుగుతారు. నరసన్నపేటలో మీ జీతం ఎంతైనా అక్కడ హామీకి పనికిరాదు.

పార్ట్‌టైమ్ జీతంతో అద్దె కడుతుందిలే అని మాత్రం లెక్క వేయకండి. వీసా నిబంధన ప్రకారం కోర్సు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పనిచేయాలి. ఎమ్మెస్సీ వాళ్లకు వేసవి డిసర్టేషన్ కాలం కూడా కోర్సు కిందకే వస్తుంది, సెలవులు కావు. పని దొరికితే తిండికి, బట్టలకు వాడుకుంటుంది. అద్దె మాత్రం ముందే సిద్ధంగా ఉండాలి.

జీపీఎఫ్ దగ్గరకు వద్దాం. లోను వడ్డీ 10.5, జీపీఎఫ్ వడ్డీ 7.1. కాబట్టి జీపీఎఫ్ తీయడమే లాభం కదా అని మీరు అడగవచ్చు. 3 లక్షల మీద ఆ తేడా ఏడాదికి సుమారు పదివేలు. కానీ పార్ట్ ఫైనల్‌గా తీసిన డబ్బు తిరిగి ఖాతాలోకి రాదు, మీకు మిగిలింది నాలుగేళ్లు. లోను ఉద్యోగం వచ్చాక అమ్మాయి తీర్చుకుంటుంది. మీ రిటైర్మెంటు డబ్బు మళ్లీ పోగుచేసేవారు ఎవరూ లేరు. మీరు పాత పన్ను విధానంలో ఉండి, లోనులో మీరూ రుణగ్రహీతగా ఉండి వడ్డీ మీరే కడుతుంటే, ఎడ్యుకేషన్ లోను వడ్డీ మినహాయింపు (2026 మార్చి దాకా ఉన్న చట్టంలో 80ఈ సెక్షన్) కింద ఆ వడ్డీ మొత్తం మీ ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు కూడా. నెలనెలా మీ జీతం నుంచి వడ్డీ మాత్రం కట్టుకుంటూ వెళ్లండి. అసలు మీద వడ్డీ పేరుకుపోకుండా ఉంటుంది.

యూనివర్సిటీ హాస్టల్ ఫీజు ఎడ్యుకేషన్ లోనులో చేర్చుకోదగిన ఖర్చే. గది ఖరారైన వెంటనే యూనివర్సిటీ ఇచ్చే ఇన్వాయిస్ తీసుకుని బ్రాంచికి వెళ్లి, మంజూరైన మొత్తంలోంచి హాస్టల్ ఫీజు విడుదల చేయమని లేఖ ఇవ్వండి. వీసాకు లండన్ బయట చదివేవారు నెలకు 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకు 10,539 పౌండ్లు, కట్టవలసిన ట్యూషన్ ఫీజుతో కలిపి చూపించాలి. యూనివర్సిటీ హాస్టల్‌కు ముందే కట్టిన డబ్బును ఇందులోంచి 1,529 పౌండ్ల దాకా తగ్గించి చూపవచ్చు. బయటి గదికి కట్టిన అడ్వాన్సుకు ఈ వెసులుబాటు లేదు. డిపాజిట్ కట్టేముందు, వీసా రాకపోతే వాపసు ఇస్తారా అన్న షరతు ఒప్పందంలో చదవండి.

సొంత డబ్బు కొంత పంపాల్సి వస్తే, ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకరి పాన్ మీద 10 లక్షల దాకా టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) ఉండదు. లోను డబ్బుకు అసలే ఉండదు. హాస్టల్ అద్దె మూడు వాయిదాల్లో తీసుకుంటే చివరిది ఏప్రిల్‌లో పడుతుందేమో చూడండి. మార్చి 31 దాటాక పంపితే అది కొత్త సంవత్సరం లెక్కలోకి వెళ్తుంది. అందుకని మొత్తం ఒకేసారి కట్టేయకుండా వాయిదాలే ఎంచుకోమని అమ్మాయికి చెప్పండి.