పచ్చళ్ల లెక్కకు కొత్త యాప్: చిన్నికి పిన్ని ఉత్తరం

చిన్నీ,

ఆర్డర్లు రాసుకోవడానికి నెల తిరక్కుండా నాలుగు యాప్‌లు మార్చావట. నాలుగోదాంట్లో పాత బాకీలు కనపడక మీ అత్తగారు మళ్లీ నోటు పుస్తకం తీశారని చెప్పి మీ అమ్మ ఫోన్‌లో ఒకటే నవ్వు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇరవై ఏళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేసి కూడా నేను అలాగే దెబ్బ తిన్నాను.

మీ అమ్మమ్మ చెప్పిన కొలతలన్నీ ఒక నోట్స్ యాప్‌లో ఎక్కించాను. మూడేళ్లకు ఆ కంపెనీ మూసేస్తున్నాం, నెలలోపు మీ డేటా తీసుకోండి అని మెయిల్ పెట్టింది. దించుకుని తెరిస్తే అంకెలు బాగానే ఉన్నాయి, తెలుగు ఉండాల్సిన చోటల్లా ప్రశ్నార్థకాలు. 2 పావులు ????. ఏది ఆవపిండో, ఏది కారమో! అడుగుదామంటే అప్పటికే మీ అమ్మమ్మ లేదు.

అప్పట్నుంచి ఏ యాప్ దించినా ముందు ఎక్స్‌పోర్ట్, అంటే మన డేటాను ఫైలుగా బయటకు తీసుకునే వీలు, ఎక్కడుందో వెతుకుతాను. లేకపోతే చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా తీసేస్తాను. ఉంటే నాలుగు ఉత్తుత్తి ఆర్డర్లు రాస్తాను. నువ్వూ అంతే చెయ్యి: "జ్ఞానప్రసూన, కొత్తావకాయ కిలో, పండుమిర్చి అరకిలో, బాకీ 1,250". దాన్ని బయటకు తీసి చూడు. సీఎస్‌వీ ఫైలును (పట్టికను కామాలతో విడదీసి రాసే ఫైలు) నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పిచ్చి గుర్తుల్లా రావచ్చు, అంతమాత్రాన యాప్‌ను తిట్టకు. గూగుల్ షీట్స్‌లో తెరిచి చూశాక తిట్టు. పీడీఎఫ్ బిల్లు కూడా తీసి చూడు. స్క్రీన్ మీద చక్కగా కనిపించిన వత్తులు బిల్లులోకి వచ్చేసరికి ఒక్కోసారి విడిపోయి పక్కన నిలబడతాయి. అలాంటి బిల్లు కొన్నవాళ్లకు పంపితే మన పరువు పోతుంది.

జ్ఞానప్రసూన పేరే ఎందుకంటావా? 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తుతో కలిసి మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి. ఆ నెలలోనే ఆపిల్ ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌కు (ఐఓఎస్) 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. అంత పెద్ద కంపెనీయే మన ఒక్క అక్షరం దగ్గర బోల్తా పడింది. అందుకే నా పరీక్షలో ఆ అక్షరం ఉండాల్సిందే.

నీది ఐఫోన్, మీ అత్తగారిది ఆండ్రాయిడ్. అసలు చిక్కంతా ఇక్కడే. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకోండి. రెండిట్లోనూ నెట్ ఆపేసి ఒకే ఆర్డరు తెరవండి. ఆవిడ రెండు కిలోలు అని మార్చాలి, నువ్వు మూడు అని మార్చాలి. ఇప్పుడు నెట్ వెయ్యండి. ఏది మిగిలింది? రెండో మార్పు ఏమైందో యాప్ చెప్పిందా, చప్పుడు చేయకుండా తుడిచేసిందా? చప్పుడు చేయని యాప్ మనకొద్దు.

బ్యాంకు మెసేజీలు చదివి డబ్బు ఎవరిచ్చారో అదే రాసుకుంటుంది అని కొన్ని యాప్‌లు గొప్పగా చెబుతాయి. ఆండ్రాయిడ్‌లో పర్మిషన్ ఇస్తే అది కుదురుతుంది. ఐఫోన్‌లో బయటి యాప్‌లకు మెసేజీల పెట్టె తెరుచుకోదు. కాబట్టి ఆవిడ ఫోన్‌లో జరిగేది నీ ఫోన్‌లో జరగదు. అయినా ఓటీపీలు వచ్చే చోటికి లెక్కల యాప్‌ను రానివ్వడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఫొటోలు అడిగితే ఎంచుకున్నవి మాత్రమే ఇవ్వు.

వాట్సాప్‌లో ఎవరైనా ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా ఆండ్రాయిడ్‌లో యాప్ వేసే ఫైలు) పంపితే ముట్టుకోవద్దని మీ అత్తగారికి గట్టిగా చెప్పు. చలాన్ అన్నా, బ్యాంకు కేవైసీ అన్నా సరే.

ఫ్రీ ట్రయల్ మొదలుపెట్టిన రోజే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకో. యాప్ డిలీట్ చేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు, విడిగా క్యాన్సిల్ చెయ్యాలి. ఐఫోన్‌లో గడువుకు కనీసం 24 గంటల ముందే ఆ పని చేసెయ్యి.

బీటాల, అంటే ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్ల, సరదా నీకు ఉందని తెలుసు. ఆడుకో, కానీ అసలు ఖాతా మాత్రం అందులో పెట్టకు. ఐఫోన్‌లో బీటాలు ఇచ్చే టెస్ట్‌ఫ్లైట్‌లో వచ్చిన వెర్షన్ 90 రోజులకు పనిచేయడం మానేస్తుంది. ఆండ్రాయిడ్‌లో బీటా వదిలి మామూలు వెర్షన్‌కు రావాలంటే యాప్ తీసేసి మళ్లీ వేసుకోవాలి. ఫోన్‌లోనే దాచిన లెక్కలుంటే యాప్‌తోపాటే పోతాయి.

ఏ యాప్ కుదిరినా ఒక నెల నోటు పుస్తకం కూడా నడవనీ. రాత్రి లెక్క రెండిట్లోనూ కలవాలి. మీ అత్తగారు చాదస్తంగా పుస్తకం తీశారని అనుకోకు. ఇంట్లో బ్యాకప్ ఉన్నది ఆవిడ దగ్గరొక్కటే.

నాకు అరకిలో గోంగూర రాసుకో, వెల్లుల్లి ఎక్కువ వెయ్యి. ఆ ఆర్డరు ఎక్స్‌పోర్ట్ చేసి స్క్రీన్‌షాట్ పంపు. గోంగూర గోంగూరలాగే వచ్చిందో లేదో చూసి చెబుతాను.

మీ పిన్ని