కోచ్ ప్రోగ్రామ్ మంచిదే, కానీ ఎవరికి?

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నైలో స్పోర్ట్స్ సైన్స్ డిగ్రీ రెండో ఏడాది చదువుతూ, సాయంత్రాలు వేళచ్చేరిలో ఒక జిమ్‌లో ట్రైనర్‌గా చేస్తున్నాను. అక్కడి హెడ్ కోచ్ ఎవరొచ్చినా 5/3/1 అనే బరువులెత్తే ప్రోగ్రామే ఇస్తారు. ఆయన దగ్గర ఆరు నెలల మెంటర్‌షిప్‌కి నలభై వేలు అడుగుతున్నారు, వాయిదాల్లో కట్టొచ్చట. స్ట్రెంత్ కోచ్ అవ్వాలని ఉంది. చేరమంటారా?

జవాబు: ఇప్పుడే చేరొద్దు తమ్ముడూ. 5/3/1 మీద నాకేమీ ఫిర్యాదు లేదు, చక్కటి ప్రోగ్రామ్. ఎవరొచ్చినా అదే ఇస్తారని రాశావు చూడు, అక్కడే నాకు అనుమానం వచ్చింది.

దాన్ని తయారుచేసిన జిమ్ వెండ్లర్ పవర్‌లిఫ్టింగ్‌లో వెయ్యి పౌండ్ల స్క్వాట్ (బార్ భుజాల మీద పెట్టుకుని కిందికి కూర్చుని లేవడం) చేసిన మనిషి. అందులో తొందరపాటు ఉండదు. నువ్వు ఒక్కసారి చేయగలిగే గరిష్ఠ స్క్వాట్ 100 కిలోలనుకో, అందులో 90 శాతం, అంటే 90 కిలోలే ట్రైనింగ్ మ్యాక్స్, లెక్కలన్నీ దాని మీదే. మొదటి వారం దానిలో 65, 75, 85 శాతం బరువులతో ఐదేసి రెప్స్ (అంటే ఐదేసి సార్లు), చివరి సెట్‌లో మాత్రం ఓపికున్నన్ని. అంటే ఆ రోజు అన్నిటికన్నా బరువైన సెట్‌కి కూడా బార్ మీద ఉండేది 76 కిలోల చిల్లరే. నాలుగు వారాల సైకిల్ అయ్యాక స్క్వాట్‌కి ఐదు కిలోలు, బెంచ్ ప్రెస్‌కి (పడుకుని బార్ పైకి నెట్టడం) రెండున్నర కలుపుతారు. ఏళ్ల తరబడి ఎత్తి, ఇంకో ఐదు కిలోలు పెరగడమే గగనమైపోయిన వాళ్లకి ఇది వరం.

మరి నిన్నగాక మొన్న చేరి 40 కిలోల స్క్వాట్ చేస్తున్న కుర్రాడికో? వాడు వారానికి మూడు రోజులు వచ్చి, వచ్చినప్పుడల్లా రెండున్నర కిలోలు పెంచుకోగలడు, నెలకి 12 సార్లంటే లెక్క ప్రకారం 30 కిలోలు, అందులో సగమే వచ్చినా 15. వాడి చేతిలో నెలకి ఐదు కిలోల ప్రోగ్రామ్ పెడితే దెబ్బేమీ తగలదు కానీ, ఒంట్లో ఎదుగుదల అంత సులువుగా వచ్చే రోజులు వృథాగా పోతాయి, అవి మళ్లీ రావు.

అమెరికా పవర్‌లిఫ్టింగ్ కోచ్ లూయీ సిమ్మన్స్ వెస్ట్‌సైడ్ పద్ధతీ అంతే, అందరికీ సరిపోదు. బ్యాండ్లు, చైన్లు, వారం వారం గరిష్ఠ బరువులు, ఇదంతా బిగుతైన స్క్వాట్ సూట్లు వేసుకుని పోటీలకి దిగేవాళ్ల మధ్య పుట్టింది. మన చెన్నై కోచ్ శంకర్ బాసు కోహ్లీ చేత ఒలింపిక్ లిఫ్ట్‌లు చేయించాడని విని ఓఎంఆర్‌లో (చెన్నై ఐటీ ఆఫీసులుండే రోడ్డు) పది గంటలు కుర్చీలో కూర్చునే ఉద్యోగి కూడా స్నాచ్ (బార్‌ని నేల మీద నుంచి ఒక్క ఊపులో తల పైకెత్తే ఒలింపిక్ లిఫ్ట్) నేర్పమంటాడు. కోహ్లీ తిండి, నిద్ర, ఫిజియో అన్నీ చూసుకోవడానికి మనుషులున్నారు, ఇతనికి ఆఫీసు అయ్యాక గంట టైమ్ ఉంటుంది.

కాబట్టి మీ కోచ్‌ని రెండు విషయాలు అడుగు. ఈ ప్రోగ్రామ్ ఎవరికి ఇవ్వరు? ఎవరికైనా ఎత్తే బరువు పెరగడం ఆగిపోతే ముందు ఏం మారుస్తారు? నిజంగా పని తెలిసిన మనిషైతే నిద్రెంత, తిండేంటి, మోకాలు నొప్పుందా అని నిన్నే ఎదురు అడుగుతాడు, "ఇంకా గట్టిగా చెయ్యాలి" అన్నాడంటే నీకు జవాబు దొరికినట్టే. గోడ మీద ఫోటోలు చూసి మురిసిపోకు, అవి చివరిదాకా నిలిచినవాళ్లవి. మధ్యలో మానేసినవాళ్ల లాగ్‌బుక్‌లు చూడనిస్తారేమో అడుగు. ఎలాగూ అక్కడే పనిచేస్తున్నావు, రోజూ ఫ్లోర్ మీద నిలబడి చూసేదానికి ఫీజు అక్కర్లేదు, ఒక నోట్‌బుక్ పెట్టుకుని పదిమంది బరువులు వారం వారం రాసుకో.

ఇక డిగ్రీ మాత్రం వదలకు. అమెరికాలో స్ట్రెంత్ కోచ్‌ల సంఘం ఎన్‌ఎస్‌సీఏ ఇచ్చే కోచ్ సర్టిఫికెట్, సీఎస్‌సీఎస్ పరీక్షకి డిగ్రీ తప్పనిసరి, టీమ్‌లతో పనిచేయాలంటే అది బాగా పనికొస్తుంది. ఆ నలభై వేలు పరీక్ష ఫీజుకీ పుస్తకాలకీ దాచుకో. డిగ్రీ చేతికొచ్చాక కూడా ఈ కోచ్ దగ్గర నేర్చుకోవాలనిపిస్తే అప్పుడు ఇంట్లో డబ్బు అడుగు, వాయిదాల మాట మాత్రం ఇప్పుడు ఒప్పుకోకు.