పేరు ముందు ‘డాక్టర్’ లేకపోతే అది చదువు కాదా?

ప్రశ్న: ఒడిశాలోని రాయగడలో మాకు మూడు తరాలుగా బట్టల కొట్టు ఉంది. అమ్మాయి విశాఖలో ఇంటర్ బైపీసీ చదివింది. రెండుసార్లు నీట్ రాసినా సీటు రాలేదు. ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ పెడదామంటే వద్దంటోంది. వాళ్ల తాతగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోతే విశాఖలో స్పీచ్ థెరపీ చేయించాం. అప్పటి నుంచి బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట సమస్యల చికిత్స నేర్పే డిగ్రీ) చదువుతానని పట్టుబట్టింది. మా బావమరిది ఫిజియోథెరపీ మేలంటాడు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడేమో ఆటిజం సెంటర్ పెడితే లక్షలు వస్తాయని, అమెరికా వెళ్తే ఇంకా మంచిదని అంటున్నాడు. రెండు కోర్సుల్లో ఏది మంచిది? ఇది చదివితే పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చా?

జవాబు: చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. పెట్టుకోకూడదు. పీహెచ్‌డీ చేస్తే ఆ మాట వస్తుంది, డిగ్రీతో రాదు.

నీట్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఇలాంటి ఉత్తరాలు వస్తాయి. కోర్సు పేర్లు మారుతుంటాయి కానీ లోపలి బాధ ఒకటే. అమ్మాయి డాక్టరవుతుందని బంధువులందరికీ చెప్పేశాం, ఇప్పుడు ఏమని చెప్పాలి? ఆ బాధ మీది. అమ్మాయిది కాదు. తనకేం కావాలో తను చెప్పింది. ఉత్తరంలో బావమరిది మాట ఉంది, తమ్ముడి మాట ఉంది, తన మాటకు మాత్రం మీరు ‘పట్టుబట్టింది’ అని పేరు పెట్టారు. మూడోసారి నీట్ కోసం లాంగ్‌టర్మ్ వద్దనడం కూడా మొండితనం కాదండీ, తన శక్తి తనకు తెలియడం.

ఇంతకీ ఆ పిల్ల ఏం చూసి ఇటు మళ్లిందో ఎప్పుడైనా అడిగారా? సాధారణంగా మెదడులో ఎడమ భాగానికి దెబ్బ తగిలినప్పుడు మాట పోతుంది. దాన్ని అఫేసియా అంటారు. మనిషికి విషయం తెలుసు, ఎదుటివాళ్లను గుర్తుపడతాడు, మాట మాత్రం అందదు. కొందరికి ఎదుటివాళ్ల మాటే అర్థం కాదు. రెండు మూడు భాషలు వచ్చినవాళ్లకైతే అన్నీ ఒకే తీరున తిరిగి రావు. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా మాట్లాడిన మనిషిని ఒక్క తెలుగులోనే పరీక్షిస్తే సగమే తెలుస్తుంది. ఇలాంటి కేసులో థెరపిస్టు పక్కన కూర్చుని ఒడియాలో అడిగి చూడగలిగేది మీ అమ్మాయి లాంటివాళ్లే.

సరిహద్దు జిల్లాల పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఇదే. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం పిల్లలు ‘మాది అక్కడా కాదు, ఇక్కడా కాదు’ అని చిన్నబుచ్చుకుంటారు. ఈ వృత్తిలో మాత్రం అదే ఆస్తి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా ఉన్న మూడేళ్ల పిల్లాడికి మాటలు ఆలస్యమైతే, ఆ రెండింటిలో ఒక భాష రానివాళ్లు కూడా ‘ఇంట్లో తెలుగు మానేయండి’ అని సలహా ఇచ్చేస్తారు. అది తప్పు. రెండు భాషల వల్ల మాటలు ఆగిపోవు. ఇబ్బంది రెండింటిలోనూ కనిపిస్తే అసలు సమస్య ఉన్నట్టు. ఒక్కదానిలోనే ఉంటే ఆ భాష ఇంకా తగినంత వినలేదేమో చూడాలి. ఇది తేల్చాలంటే రెండు భాషలూ చెవికి ఎక్కినవాళ్లు కావాలి. మీ కొట్టుకు వచ్చేవాళ్లతో మాట్లాడి అమ్మాయికి కోందు గిరిజనుల కువి భాష కూడా నాలుగు ముక్కలు వచ్చి ఉంటే, దాన్ని ఏ కాలేజీ నేర్పదు.

ఇక తమ్ముడిగారి లక్షలు. ఆటిజం సెంటర్ అనేది ఇప్పుడు పెద్ద ఫ్యాషన్. వీధికో బోర్డు కనిపిస్తుంది, కొన్నిటి మీద ‘ఆరు నెలల్లో మాటలు గ్యారంటీ’ అని కూడా ఉంటుంది. అలా గ్యారంటీ ఇచ్చేవాళ్లను నేను నమ్మను. థెరపీతో పిల్లలు తమకు కావలసింది చెప్పడం నేర్చుకుంటారు, కొందరు మాటతో, కొందరు బొమ్మల కార్డులతో. ఎవరు ఎంతవరకు వస్తారో మొదటి రోజే చెప్పలేం. పైగా కొన్ని చోట్ల థెరపిస్టు పేరు గోడ మీదే ఉంటుంది, గదిలో పిల్లాడితో కూర్చునేది ఏడాది డిప్లొమా చేసిన సహాయకులు. డిప్లొమాను చిన్నచూపు చూడడం లేదు, కానీ వాళ్లు అర్హత ఉన్నవాళ్ల పర్యవేక్షణలో పనిచేయాలి. కోర్సు ముగించిన వెంటనే ఇరవై రెండేళ్ల పిల్ల ఫ్రాంచైజీ తీసుకుని ఒంటరిగా కూర్చుంటే, చేసిన తప్పును చూపించేవాళ్లు ఎవరుంటారు? ముందు రెండు మూడేళ్లు ఆసుపత్రిలోనో, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో పెట్టిన డీఈఐసీ కేంద్రాల్లోనో (పిల్లల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసేవి) పనిచేయాలి. అక్కడ ఎక్కువగా కాంట్రాక్టు ఉద్యోగాలే, జీతం మీ తమ్ముడు చెప్పేంత ఉండదు. కానీ చెవుడు, నత్తి, అంగిలి చీలిక, మాట ఆలస్యం, అన్ని రకాల కేసులూ చేతికి వస్తాయి.

ఆన్‌లైన్ థెరపీ మీద కూడా నాకు అనుమానమే. నత్తి ఉన్న కాలేజీ కుర్రాడికి వీడియో కాల్ బాగానే పనికొస్తుంది. పక్షవాతం తర్వాత మింగలేకపోతున్న మనిషిని ఫోన్‌లో ఎలా పరీక్షిస్తారు? నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. మింగడం సరిచేయడం కూడా ఈ వృత్తిలో భాగమని చాలామందికి తెలియదు.

అమెరికా గురించి: అక్కడ స్పీచ్ థెరపిస్టు కావాలంటే మాస్టర్స్ తప్పనిసరి. అక్కడి స్పీచ్, వినికిడి నిపుణుల సంఘం ‘ఆషా’ ఇచ్చే సర్టిఫికెట్‌కు 400 గంటల క్లినికల్ పని, ప్రాక్సిస్ అనే పరీక్ష, ఆ తర్వాత కనీసం 36 వారాలు పర్యవేక్షణలో పనిచేసే ఫెలోషిప్ ఉంటాయి. రాష్ట్రం లైసెన్సు వేరు. ఆడియాలజీ (వినికిడి వైపు) అయితే అక్కడ డాక్టరేట్ స్థాయి చదువు. ఆ మాట వినగానే ఆశపడకండి, అప్పు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. పద్దెనిమిదేళ్ల పిల్లకు ఇప్పుడే డాలర్ల లెక్క చూపించకండి.

ఫిజియోథెరపీతో పోల్చమన్నారు. ఆ కాలేజీలు ఎక్కువ, కాబట్టి దగ్గర్లో సీటు దొరకవచ్చు, చేరేవాళ్లూ చాలామందే. బీఏఎస్‌ఎల్‌పీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు, చేసేవాళ్లు తక్కువ, మీ చుట్టుపక్కల ఇంకా తక్కువ. రెండూ మంచివే. ఒళ్లు, కండరాలు, కీళ్ల మీద ఆసక్తి ఉన్నవాళ్లు అటు వెళ్లాలి. మీ అమ్మాయికి తాతగారి మాట మీద ధ్యాస ఉంది. ఇంతకన్నా లోతుగా పోల్చి మిమ్మల్ని ఇంకో ఏడాది తికమక పెట్టను.

స్థానికత గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. విశాఖలో ఇంటర్ రెండేళ్లు చదివినంత మాత్రాన ఆంధ్రలో స్థానికురాలు అయిపోదు, అక్కడ వరుసగా నాలుగేళ్ల చదువు చూస్తారు. అందుకే ముందు కేంద్ర ప్రభుత్వ సంస్థలైన మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థకు, ముంబై అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు, దాని సికింద్రాబాద్ ప్రాంతీయ కేంద్రానికి దరఖాస్తు చేయండి. భువనేశ్వర్‌లోనూ ఈ కోర్సు ఉన్న కాలేజీలు ఉన్నాయి, ఒడిశా వాళ్లుగా అక్కడా చూడండి.

ఏ కాలేజీ అయినా ఈ ఏడాదికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఈ కోర్సులను నియంత్రించే కేంద్ర సంస్థ) గుర్తింపు ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. 1992 చట్టం ప్రకారం కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు లేనిదే ఈ పని చేయడానికి వీల్లేదు. గుర్తింపు లేని చోట చదివితే నాలుగేళ్లూ వృథా. చేరేముందు క్లినిక్‌కు రోజూ ఎందరు వస్తారు, విద్యార్థులు సొంతంగా కేసులు చూస్తారా అని అడగండి. ఆసుపత్రి లేకుండా తరగతి గదులు మాత్రమే చూపిస్తే వచ్చేయండి.

లాంగ్‌టర్మ్ వాళ్లకు ఇప్పటికే అడ్వాన్సు కట్టి ఉంటే వెనక్కి అడగండి. ఇవ్వరు. అయినా అడగండి.