మోచేయి, ముంజేయి, రెక్క: ఏది ఎక్కడ?

సందేహం: నల్లగొండ జిల్లాలో ఒక హైస్కూల్లో పీఈటీని. కబడ్డీ ఆడుతూ మా పిల్లవాడొకడు అరచెయ్యి ఆనించి పడ్డాడు. రిపోర్టులో ‘మోచేయి విరిగింది’ అని రాస్తే, మా తెలుగు సారు ‘మోచేయి విరగదు, ముంజేయి విరుగుతుంది’ అని దిద్దారు. తోటి పిల్లలు ‘రెక్క ఇరిగింది’ అన్నారు. దెబ్బ తగిలిన పిల్లవాడి నాయన ‘బొక్క జరిగింది’ అన్నాడు. ఏది ఒప్పు? ఎల్బోకు అసలైన మాట ‘కూర్పరం’ అట, అదే రాయాలా? ఇంకొకటి, క్రికెట్ వార్తల్లో ‘బౌలర్ మోచేతిని 15 డిగ్రీల దాకా వంచవచ్చు’ అని చదివాను. నాకెందుకో అది తేడాగా ఉంది.

సమాధానం: తేడాగానే ఉంది. దాన్ని చివర్లో చూద్దాం. ముందు రిపోర్టు సంగతి.

మీ తెలుగు సారు మాటలో సగం న్యాయం ఉంది. మోచేయి ఎముక పేరు కాదు, చెయ్యి మడిచే చోటి పేరు. పైనుంచి వచ్చే ఒక ఎముక, కిందినుంచి వచ్చే రెండు ఎముకలు అక్కడ కలుస్తాయి. అందుకని ‘మోచేతి దగ్గర ఎముక విరిగింది’ అంటే లెక్క సరిపోతుంది. అయినా వాడుకలో ‘మోచేయి విరిగింది’ అన్నంత మాత్రాన ఎవరూ పొరబడరు, అది తప్పు కాదు. మీ సారు చేసిన సవరణే చిక్కు తెస్తుంది. ముంజేయి అంటే మోచేతికి కింద, మణికట్టు దాకా ఉన్న భాగం. మున్ అంటే ముందు, ముందరి చెయ్యి ముంజేయి. ముంజేతి కంకణానికి అద్దమెందుకు అనే సామెతలో కంకణం ఉన్నది అక్కడే. పిల్లవాడికి దెబ్బ మోచేతికి పైన తగిలి ఉంటే ‘ముంజేయి’ అని దిద్దడం వల్ల రిపోర్టే తప్పవుతుంది. చిన్నపిల్లలు చెయ్యి ఆనించి పడినప్పుడు మోచేతికి కాస్త పైన విరగడం తరచుగా జరిగేదే. కాబట్టి ఎక్స్‌రే చూసిన డాక్టరును ‘మోచేతికి పైనా, కిందా?’ అని అడిగి రాయండి.

పైన అయితే దానికీ మాట ఉంది. భుజం నుంచి మోచేయి దాకా ఉన్నది దండ. మీ వైపు పెద్దలు దండకడెం అనేది ఆ చోట తొడిగే కడియాన్నే. తాయెత్తు కట్టేదీ దండకే. కోస్తాలో ఇదే భాగాన్ని రెట్ట అంటారు. ఇంత చక్కని మాట ఉండగా పత్రికలు ‘చేతి పైభాగం’ అని ఎందుకు నీళ్ళు నములుతాయో నాకు అర్థం కాదు.

ఇక రెక్క. ఇతర ప్రాంతాలవారు పక్షికే పరిమితం అనుకునే ఈ మాట తెలంగాణలో మనిషి చెయ్యి మొత్తానికీ చెల్లుతుంది. ‘రెక్కవట్టి గుంజిండు’ అంటే చెయ్యి పట్టి లాగాడని. రెక్కాడితే గాని డొక్కాడదు అని తెలుగువాళ్ళంతా అంటారు కదా, అక్కడ ఆడేది కూలిమనిషి చెయ్యే. పిల్లలు తప్పు మాట్లాడలేదు. కాకపోతే రెక్క భుజం నుంచి వేళ్ళ దాకా పోయే పెద్ద మాట, ఏ చోట విరిగిందో అది చెప్పదు. రిపోర్టుకు చాలదు.

అన్నిటికంటే జాగ్రత్తగా వినాల్సింది ఆ తండ్రి మాట. బొక్క అంటే మీ దగ్గర ఎముక, కోస్తాలో రంధ్రం. రంధ్రాన్ని మీరు పొక్క అంటారు గనుక మీకు మీకు గందరగోళం లేదు. (‘బొక్కలిరగ్గొడ్త’ అనే తిట్టు ఇప్పుడు సినిమాల పుణ్యాన రెండు వైపులా తెలిసిపోయింది.) అసలు మెలిక ‘జరిగింది’ దగ్గర ఉంది. ఆయన ‘జరిగింది’ అన్నది ‘సంభవించింది’ అనే అర్థంలో కాదు, ‘ఉన్నచోటు నుంచి పక్కకు కదిలింది’ అని. ‘జర జరుగు’ అన్నప్పటి జరుగు. అంటే ఆయన చెప్పింది ఎముక విరగడం కాదు, కీలు తప్పడం. భుజం దగ్గరైతే గూడ జారింది అంటారు. విరగడం, కీలు తప్పడం, బెణకడం మూడూ వేర్వేరు. మూడోదాంట్లో ఎముక ఉన్నచోటే ఉంటుంది, కీలును పట్టి ఉంచే నారల్లాంటి కట్లు సాగుతాయి లేదా చిరుగుతాయి. పెద్దపిల్లలు, పెద్దవాళ్ళు చెయ్యి ఆనించి పడినప్పుడు మోచేతి కీలు తప్పడమూ ఉన్నదే. ఆ తండ్రి ఊహ నిజమో కాదో ఎక్స్‌రే చెబుతుంది గానీ, ఆయన మాటను ‘విరిగింది’ అని మార్చి రాయడం మాత్రం సరి కాదు.

భాష దాటి ఒక్క మాట. ‘జరిగింది’ అనగానే ఎవరో ఒకరు గుంజి సరిచేయబోతారు. మోచేతి ముందు నుంచే ముంజేతికి నెత్తురు తీసుకెళ్ళే పెద్ద నాళం పోతుంది, చుట్టూ నరాలున్నాయి. మసాజ్ చేయనివ్వకండి, ఉన్నది ఉన్నట్టు కట్టి ఆస్పత్రికి పంపండి.

కూర్పరం విషయానికి వస్తే, సంస్కృత నిఘంటువు అమరకోశం మోచేతికి కఫోణి, కూర్పరం అని రెండు పేర్లు చెప్పింది. దానికి పైభాగం ప్రగండం, కిందిది ప్రకోష్ఠం. తెలుసుకుంటే మంచిదే, రిపోర్టులో రాస్తే హెడ్మాస్టరు మిమ్మల్ని పిలిపించి అర్థం అడుగుతారు. మోచేయి శాస్త్రానికి తక్కువైన మాట కాదు, చాలా పాతది. తమిళంలో ముళం అంటే మూర, ముళంగై మోచేయి, ముళంగాల్ మోకాలు. కన్నడంలో మొళ, మొళకై. మక్తల్, నారాయణపేట వైపు కన్నడం వినేవారికి ఇవి చెవిన పడే ఉంటాయి. మన మూర, మోచేయి, మోకాలు ఆ కుటుంబంలోవే. పాత పుస్తకాల్లో మోఁచేయి, మోఁకాలు అని అరసున్నతో కనిపించేది ముళంగైలో వినిపించే ఆ ముక్కు ధ్వని తెలుగులో పోయిందనడానికి గుర్తుగానే. పూలమ్మే ఆమె మోచేయి నుంచి నడిమివేలి కొస దాకా పూలదండ చాపి మూర కొలుస్తుంది. విచిత్రమేమిటంటే బడి పుస్తకాల్లో ముంజేతి ఎముకలకు పెట్టిన సంస్కృత పేర్లు కూడా కొలతలే. మోచేయి నుంచి మూసిన పిడికిలి దాకా రత్ని, చిటికెనవేలు చాపితే దాని కొస దాకా అరత్ని. ఎముకల్లో బొటనవేలి వైపుది రత్ని, చిటికెనవేలి వైపుది అరత్ని. మోచేతిని టేబుల్‌కు ఆనిస్తే గట్టిగా తగిలేది ఈ అరత్ని కొసే.

విభక్తి చేరినప్పుడు ‘మోచేయికి గాయం’ అనకండి. చేయి చేతికి అయినట్టే మోచేయి మోచేతికి అవుతుంది, బహువచనం మోచేతులు. 2005లో సచిన్ టెండూల్కర్ ఎడమ మోచేతికి, 2019లో నీరజ్ చోప్రా కుడి మోచేతికి ఆపరేషన్ జరిగింది అని రాస్తే చదవడానికి హాయిగా ఉంటుంది. సచిన్‌కు వచ్చిన టెన్నిస్ ఎల్బోను మాత్రం అలాగే ఉంచవచ్చు. అది జబ్బు పేరు, షుగర్, బీపీ లాంటిది. ‘టెన్నిస్ మోచేయి’ అంటే నవ్వు వస్తుంది. మోచేతి బయటి వైపు బుడిపెకు అంటుకున్న, మణికట్టును వెనక్కి ఎత్తే కండరాల మొదట్లో వచ్చే నొప్పి అది. రాకెట్ ముట్టనివాళ్ళకూ వస్తుంది. రోజంతా స్క్రూడ్రైవర్ తిప్పేవాళ్ళు, తడిబట్టలు పిండేవాళ్ళు డాక్టర్ల దగ్గరికి దీంతో వెళ్తూనే ఉంటారు.

ఇప్పుడు 15 డిగ్రీలు. పాఠ్యపుస్తకం మోచేతిని మడతబందు కీలు అంటుంది, తలుపు బందులాగా ఒక్క దిశలోనే మడతపడి తెరుచుకుంటుంది కనుక. తెలుగులో ఆ రెండు పనులకూ వేర్వేరు క్రియలున్నాయి: మడవడం లేదా వంచడం ఒకటి, చాపడం ఇంకొకటి. (అరచెయ్యిని పైకీ కిందికీ తిప్పేది ముంజేతి ఎముకల పని, ‘తిప్పడం’ అందుకు వేరే ఉంది.) 2005 నుంచి అమల్లో ఉన్న ఐసీసీ నిబంధన వంచడం గురించి కానే కాదు. బౌలర్ చెయ్యి భుజం ఎత్తుకు వచ్చినప్పటి నుంచి బంతి వదిలేదాకా, మోచేయి వంగిన స్థితి నుంచి ఎంత చాపుకుందన్నదే లెక్క. అది 15 డిగ్రీలు దాటకూడదు. మొదటి నుంచి చివరిదాకా 30 డిగ్రీలు వంచి ఉంచి, ఆ వంపు మారకుండా బంతి వేస్తే తప్పు లేదు. శ్రీలంక స్పిన్నర్ ముత్తయ్య మురళీధరన్‌కు మోచేయి పుట్టుకతోనే పూర్తిగా చాచుకోదు, అతని చెయ్యి చూసినవాళ్ళకు ‘వంచి విసురుతున్నాడు’ అనిపించింది అందుకే. పత్రికలో ఆ వాక్యం ఇలా ఉండాలి: ‘బంతి వేసేటప్పుడు బౌలర్ మోచేతిని 15 డిగ్రీలకు మించి చాపకూడదు.’